రెండు గొర్రెపిల్లలు అడిగిన దేవుడే వద్దంటాడా?

ప్రశ్న: మాస్టారికి వందనాలు. మాది ఒడిశాలో గుణుపురం దగ్గర చిన్న ఊరు, రోడ్డు మీద కిరాణా కొట్టు ఉంది. మేం ఆదివారం చర్చి వాళ్ళం, మా ఆవిడ పుట్టింటివాళ్ళు శనివారం ఆరాధన వాళ్ళు. మా ఊరి సంత శనివారమే. కొండ మీంచి దిగే వాళ్ళ దగ్గర చింతపండు, పసుపు ఆ రోజే కొంటాను, వారం ఆదాయంలో సగం ఆ ఒక్క పూటే. ఆదివారం మాత్రం పనికుర్రాణ్ణి కొట్లో కూర్చోబెట్టి చర్చికి తప్పకుండా వెళ్తాను. మా బావమరిది విశ్రాంతి దినం గురించి రోజూ వాట్సాప్‌లో వాక్యాలు పెడుతున్నాడు. సరే చూద్దామని బైబిల్ తీస్తే ఇంకా తికమకైపోయింది. సంఖ్యాకాండం 28 లో సబ్బాతుకి, అంటే ఆ శనివారం విశ్రాంతి దినానికి, రెండు గొర్రెపిల్లలు ఇమ్మంటాడు, యెషయా 1 లో అవే నాకు అసహ్యం అంటాడు, యిర్మీయా 7 లో అసలు బలుల సంగతి నేను చెప్పనేలేదంటాడు, మత్తయి 12 లో యాజకులు సబ్బాతుని మీరినా దోషం లేదంటాడు యేసు. టీ కొట్టు దగ్గర స్నేహితుడొకడు "మీ దేవుణ్ణి ముందు ఏదో ఒకటి తేల్చుకోమను" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది. ఇవి ఒకదానికొకటి అడ్డం కావా? నేను శనివారం కొట్టు కట్టెయ్యాలా వద్దా?

బాబూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వెంటనే రాద్దామనే అనుకున్నాను గానీ నువ్వు రాసిన వచనాలన్నీ మళ్ళీ ఒకసారి తీసి చూసుకోకుండా రాయబుద్ధి కాలేదు, నేనేమీ పాస్టర్ని కాను కదా, పర్లాకిమిడిలో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆదివారం ఆరాధన అయ్యేక పెద్దవాళ్ళకి బైబిల్ క్లాసు తీసుకుంటాను, అంతే. లెక్కల మాస్టార్లకి ఒక జబ్బు ఉంటుంది, ఎవరైనా ఈ రెండూ సమానం కావు అంటే ముందు రెండూ ఒకే కొలతలో ఉన్నాయా లేదా అని చూస్తాం, ఒకటి కిలోల్లో ఇంకోటి లీటర్లలో ఉంటే ఇంక దెబ్బలాటెందుకు.

ముందు నీ స్నేహితుడి మీద కోపం పెట్టుకోకు. అతను అడిగింది అడగాల్సిన ప్రశ్నే, రెండు వేల ఏళ్ళ కిందట యూదుల పండితులే ఇలాంటి ప్రశ్న పట్టుకుని రాత్రుళ్ళు నూనె కాల్చుకున్నారు, ఆ కథ తర్వాత చెప్తాను.

సంఖ్యాకాండంతోనే మొదలుపెడదాం. మామూలు రోజుకి పొద్దున ఒక గొర్రెపిల్ల, సాయంత్రం ఒక గొర్రెపిల్ల. సబ్బాతు వస్తే అవి కాక ఇంకో రెండు, ఏడాదివి, ఏ లోపం లేనివి, వాటితో పాటు నూనె కలిపిన మెత్తని పిండి ఎఫాలో పదో వంతులు రెండు. ఎఫా అంటే సుమారు 22 లీటర్ల కొలత అంటారు, ఆ లెక్కన నాలుగున్నర లీటర్లకి కాస్త తక్కువ పిండి. అంటే ఊరంతా పని మానేసిన రోజున గుళ్ళో పని రెట్టింపు! ఇది కాగితం మీద చదివితే ఏమీ అనిపించదు గానీ ఒకసారి కళ్ళముందు పెట్టుకుని చూడు. మన వైపు అమ్మవారి పండగల్లో ఏటపోతుని వేసినప్పుడు నువ్వు చూసే ఉంటావు, మనం ఆ భోజనానికి వెళ్ళకపోయినా ఊళ్ళో ఉన్నాక కంటపడకుండా ఉండదు కదా, పట్టుకోడానికి ఇద్దరు, తోలు తియ్యడానికి చెయ్యి తిరిగినవాడొకడు, బిందెల కొద్దీ నీళ్ళు, కట్టెలు మోసేవాళ్ళు, పొద్దెక్కేసరికి ఈగలు. అదంతా యెరూషలేము గుళ్ళో సబ్బాతు రోజు నాలుగు జీవాలకి. మరి నిర్గమకాండం 35:3 తీస్తే సబ్బాతు రోజు మీ ఇళ్ళల్లో నిప్పు రాజెయ్యకూడదు అని ఉంది, సంఖ్యాకాండం 15 లోనైతే ఆ రోజు కట్టెలేరుకున్న మనిషిని రాళ్ళతో కొట్టి చంపేరు. బయట కట్టెలేరితే చావు, గుళ్ళో కట్టెలు పేర్చి అంటిస్తే ఆరాధన. ఇది నీ స్నేహితుడి కంట పడలేదు గానీ పడుంటే ఇంకా గట్టిగా నవ్వేవాడు.

యేసు పట్టుకున్నది కూడా దీన్నే. శిష్యులకి ఆకలేసి చేలో వెన్నులు తుంచుకు తిన్నారు, సబ్బాతు రోజు చెయ్యకూడని పని చేస్తున్నారని నియమాలు కచ్చితంగా పట్టుకునే పరిసయ్యులు లేచేరు, అప్పుడు ఆయన గుళ్ళో యాజకులు ప్రతి సబ్బాతుకీ సబ్బాతుని మీరుతూనే ఉన్నారు, వాళ్ళకి దోషం లేదు, మీరు చదవలేదా అన్నాడు. ఆ మాటకి లేఖనం తప్పుల తడక అని అర్థం కాదు. రెండు ఆజ్ఞలు ఒకే రోజున ఎదురెదురు పడితే ఏది దారి ఇవ్వాలో మీరు ఎప్పుడో తేల్చుకున్నారు, గుడి పని ముందు, సబ్బాతు దానికి దారి ఇస్తుంది, మరి ఆకలిగా ఉన్నవాడి విషయం వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయింది అని. యోహాను 7 లో సున్నతి మాటా ఇంతే, లేవీయకాండం 12:3 ప్రకారం ఎనిమిదో రోజున చెయ్యాలి, ఆ ఎనిమిదోది సబ్బాతు పడితే ఆపేవారు కాదు, చేసేసేవారు. మన ఆసుపత్రుల్లో నర్సమ్మలు ఆదివారం డ్యూటీ చేస్తే విశ్రాంతి దినం మీరిందని మనం ఎవరం అనం కదా.

(పనిలో పనిగా ఒకటి, మీ స్నేహితుడికి ఇంకో పాయింటు నేనే ఇస్తున్నాను. ఇదే కథలో యేసు దావీదు మాట కూడా ఎత్తుతాడు, మార్కు 2:26 లో దావీదు గుళ్ళో రొట్టెలు తిన్నది అబ్యాతారు ప్రధానయాజకుడిగా ఉన్నప్పుడు అని ఉంటుంది, 1 సమూయేలు 21 తీస్తే రొట్టెలిచ్చింది అహీమెలెకు, అంటే అబ్యాతారు తండ్రి. మత్తయి, లూకా ఆ పేరు అసలు ఎత్తలేదు. అబ్యాతారు కాలంలో అని చెప్పడమే దాని ఉద్దేశం అని కొందరు సర్దుతారు, నాకైతే ఆ సర్దుబాటు పూర్తిగా దిగలేదు, దిగలేదు కదా అని నా విశ్వాసమూ పోలేదు.)

ఇంక యెషయా. ఆ మొదటి అధ్యాయం 11 నుంచి 13 వరకే తీసి పంపుతారు అందరూ, పొట్టేళ్ళ దహనబలులు నాకు వెక్కసమైపోయేయి, అమావాస్యలు, విశ్రాంతి దినాలు, మీ కూటాలు నేను భరించలేను అని. అక్కడ ఆగకు, ఇంకో రెండు వచనాలు కిందకి రా. 15 లో మీరు ఎంత ప్రార్థన చేసినా వినను అంటాడు. ఇప్పుడు చెప్పు, 13వ వచనాన్ని బట్టి దేవుడు సబ్బాతుని రద్దు చేసేడు, బలుల్ని రద్దు చేసేడు అంటే 15వ వచనాన్ని బట్టి ప్రార్థన కూడా రద్దయిపోవాలి కదా? అలా అన్నవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. ఎందుకు వినడో ఆ వచనంలోనే ఉంది, మీ చేతులు రక్తంతో నిండిపోయేయి. దాని కింద 17 లో ఏం చెయ్యాలో ఉంది, న్యాయం వెతకండి, తండ్రి లేని పిల్లల తరఫున, విధవరాలి తరఫున నిలబడండి. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే అదే యెషయా గ్రంథం 56వ అధ్యాయం, 58వ అధ్యాయం చివర చూడు, సబ్బాతుని మనోహరం అనుకోండి అంటాడు, పరదేశులు తెచ్చే దహనబలులు నా బలిపీఠం మీద నాకు ఇష్టం అంటాడు. ఒకే గ్రంథంలో ఒకచోట వెక్కసం, ఇంకోచోట ఇష్టం. జీవం అదే, రోజు అదే, తెచ్చిన చేతులు వేరు.

మా ఎదురింట్లో ఒక ముసలమ్మ ఉంది, కొడుకు గాజువాకలో ఉంటాడు. నెలకోసారి ఫోన్ చేస్తాడు, స్పీకర్ పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి వీధంతా వింటాం, "నీ డబ్బులెవడిక్కావాలిరా, నువ్వొకసారొచ్చి మొహం చూపించు" అంటుంది. ఫోన్ పెట్టేసి అరగంట అవ్వకుండా పాస్‌బుక్ చేతిలో పెట్టి మాస్టారూ డబ్బు పడిందేమో ఎంట్రీ వేయించుకు రండి అని నన్నే బ్యాంకుకి పంపుతుంది! ఆవిడ అబద్ధం ఆడిందంటావా? ఆ డబ్బుతోనే మందులు కొనుక్కుంటుంది. కానీ డబ్బులొద్దు అన్న మాట కూడా నిజమే, తెలుగు వచ్చినవాడెవడికీ అందులో తికమక ఉండదు, డబ్బు కంటే నువ్వు ముఖ్యం అని దాని అర్థం. హెబ్రీ వాళ్ళూ అచ్చం అలాగే మాట్లాడేవారు, ఇది కాదు అది కావాలి అంటే దీనికంటే అది ఎక్కువ అని. హోషేయ 6:6 లో ముందు సగం బలిని కోరను, కనికరమే కోరుతున్నాను అని ఉంటుంది, రెండో సగంలో దహనబలుల కంటె దేవుణ్ణి ఎరగడం ఇష్టం అని ఉంటుంది. మొదటి సగాన్ని ఎలా చదవాలో రెండో సగమే చెప్పేస్తోంది. యేసు ఈ వచనాన్ని మత్తయిలో రెండుసార్లు ఎత్తుతాడు, 9:13 లో ఒకసారి, 12:7 లో, అదే నువ్వడిగిన యాజకుల మాటకి రెండు వచనాల కింద, ఇంకోసారి.

యిర్మీయా 7:22 మాత్రం దీనికంటే మొండిది, ఊరికే సాగదీస్తే సాగదు. మీ పితరుల్ని ఐగుప్తు (ఈజిప్టు) నుంచి తెచ్చిన రోజున దహనబలుల గురించి నేను వాళ్ళతో మాట్లాడలేదు, నా మాట వినండి అని మాత్రమే చెప్పేను అంటాడు. మరి బలుల నియమాలున్న లేవీయకాండం మాటేంటి? కాలక్రమం చూస్తే యిర్మీయాకి కొంత పట్టు ఉంది. ఐగుప్తు దాటగానే మారా దగ్గర, నిర్గమకాండం 15:26 లో, మొదట చెప్పింది నా మాట వినండి అనే. సీనాయి దగ్గర 19:5 లోనూ అదే. బలుల వివరాలు చాలావరకు ఆ తర్వాత గుడారం లేచేక వచ్చేయి. కానీ పస్కా పండగ గొర్రెపిల్ల ఐగుప్తులో ఉండగానే ఉంది కదా అని నువ్వు అడగచ్చు, అడుగు, అది సరైన అడ్డే. కొంతమంది పండితులైతే లేవీయకాండం ఇప్పుడున్న రూపంలో యిర్మీయా ముందు ఉందో లేదో అంటారు. నేను ఇక్కడ వేలు పెట్టేది వేరేచోట, ఇదే యిర్మీయా 17వ అధ్యాయంలో సబ్బాతు రోజు గుమ్మాల్లోంచి బరువులు మొయ్యకండి అని చెప్పి, మీరు వింటే నలువైపుల నుంచీ జనం దహనబలులు, నైవేద్యాలు పట్టుకుని ఈ గుడికి వస్తారు అంటాడు, దీవెనగా. బలి అంటేనే పడనివాడు అలా అనడు. మరి 7 లో ఎందుకంత మండిపడ్డాడంటే దానికి పది వచనాల పైనే ఉంది, దొంగతనం చేస్తారు, చంపుతారు, అబద్ధ ప్రమాణం చేస్తారు, ఆనక వచ్చి ఈ గుళ్ళో నిలబడి మేం భద్రం అంటారు, ఇది దొంగల గుహా ఏమిటి అని.

నీకు కనపడని గట్టి వైరుధ్యం ఇంకోటి ఉంది. మోషే సబ్బాతుకి రెండు గొర్రెపిల్లలు అన్నాడా, యెహెజ్కేలు 46:4 లో కొత్త గుడి దర్శనంలో సబ్బాతుకి ఆరు గొర్రెపిల్లలు, ఒక పొట్టేలు! పిండి లెక్కా వేరే. ఇక్కడ చేతులు వేరు, మనసు వేరు అంటే కుదరదు, అంకెలే వేరు, 2 ఎప్పటికీ 6 అవ్వదు. యూదుల పండితులకి ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే యెహెజ్కేలు గ్రంథాన్ని పక్కన పెట్టేద్దామన్న దాకా వెళ్ళింది వ్యవహారం. హనన్యా అనే ఆయన, హిజ్కియా కొడుకు, మేడగదిలో కూర్చుని 300 కుండల నూనె దీపానికి పోయించుకుని ధర్మశాస్త్రానికీ యెహెజ్కేలుకీ పొంతన కుదిరేదాకా కిందకి దిగలేదని తల్మూదు అనే వాళ్ళ పాత గ్రంథంలో ఉంది. ఏం చెప్పి కుదిర్చేడో ఆ కథలో లేదు బాబూ, నూనె లెక్క మాత్రం మిగిలింది. నాకు ఆ ముసలాయనంటే చాలా ఇష్టం. రెండూ తమ గ్రంథంలోనే ఉంచుకున్నారు వాళ్ళు, ఒకటి గీకేసి రెండోది దిద్దలేదు, ఎవరూ చూడకుండా ఒక అంకె మార్చెయ్యడం ఎంతసేపు పని. క్లాసులో లెక్క తప్పు వచ్చిందని జవాబు దిద్దేసి చూపించే పిల్లలు నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత క్రీ.శ. 70 లో రోమన్లు ఆ గుడిని కూల్చేసేరు. గొర్రెపిల్లలు రెండా ఆరా అన్న గొడవకి చోటే లేకుండా పోయింది, బలిపీఠమే లేదు. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే రబ్బీ, అంటే యూదుల గురువు, తన శిష్యుడితో ఆ శిథిలాల పక్క నుంచి వెళ్తుంటే, మన పాపాలకి ప్రాయశ్చిత్తం జరిగే చోటు పోయిందే అని ఆ శిష్యుడు ఏడ్చేడట. నాయనా దానికి సాటి ప్రాయశ్చిత్తం ఇంకోటి ఉంది మనకి, దయగా చేసే పనులు అని ఆయన అన్నాడట. దానికి ఆయన చూపించిన వచనం ఏదనుకున్నావు, హోషేయ 6:6. యేసు చేలో నిలబడి చెప్పింది, ఆయన గుడి బూడిద దగ్గర నిలబడి చెప్పింది ఒకటే వచనం. మనం క్రైస్తవులం హెబ్రీయులకు 10 చదివి క్రీస్తు ఒక్కసారే తనని అర్పించుకున్నాడు కాబట్టి బలులు తీరిపోయేయి అంటాం, అది మన దారి. ఏ దారైనా ఇవాళ శనివారంనాడు నీ దగ్గర ఎవరూ గొర్రెపిల్లని అడగడం లేదు. మిగిలింది రోజు.

రోజు గురించి పెద్దగా సాగదియ్యను, రెండు వైపుల వాళ్ళూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే కథల్లో సగం సరిచేస్తే చాలు. ఆదివారాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి పుట్టించేడని మీ బావమరిది పంపే ఉంటాడు. 321 మార్చి 7న ఆయన చట్టం చేసిన మాట నిజమే, ఊళ్ళల్లో కచేరీలు, పనులు మూసెయ్యమన్నాడు, రైతుల్ని మాత్రం చేలో పని చేసుకోనిచ్చేడు. కానీ దానికి నూట యాభై ఏళ్ళకి పైగా ముందే జస్టిన్ అనే ఆయన రోమ్‌లో మేం ఆదివారం కూడుకుంటాం అని రాసి పెట్టేడు. కాబట్టి ఆ కథ నిలవదు. అలాగే మనవాళ్ళు శనివారం అనేది యూదులది, దానికీ మనకీ ఏ సంబంధం అంటారే, అదీ నిలవదు, యేసు అలవాటు చొప్పున సబ్బాతుకి సమాజమందిరానికి వెళ్ళేవాడని లూకా 4:16, పౌలు అంతియొకయలో వెళ్ళింది సబ్బాతుకే. కొలస్సయులకు 2:16 లో పండగ, అమావాస్య, విశ్రాంతి దినం అని మూడూ వరస పెట్టి వీటి విషయంలో మీకు ఎవరూ తీర్పు తీర్చకూడదు అంటాడు, శనివారం వాళ్ళు అది బలులతో ముడిపడ్డ పండగ సబ్బాతుల మాట అంటారు, ఆదివారం వాళ్ళు వారం వారం వచ్చేదే అంటారు. పాత నిబంధనలో ఆ మూడూ కలిసి వచ్చిన చాలాచోట్ల దహనబలుల లెక్క పక్కనే ఉంటుంది, దినవృత్తాంతాల్లో చూడు, కాబట్టి వాళ్ళ వాదం తీసిపారేసేది కాదు, అయినా నాకు మొగ్గు ఇటే. రోమా 14:5 మాత్రం ఇద్దరికీ ఒకటే, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోండి అని. మన ఇళ్ళల్లో ఒరియా బైబిల్ కూడా ఉంటుంది కదా, అందులో సబ్బాతుని బిశ్రామబార అంటారు, మార్కు 2:27 ఒరియాలో చదివితే శని బార, రబి బార లాగే ఇంకో బారం వారంలో ఉన్నట్టు వినిపిస్తుంది నాకు. మా తాత 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఒరిస్సాలో లేచినవాడు, ఆయన ఏ భాషలో చదివినా ప్రార్థన మాత్రం తెలుగులోనే చేసేవాడు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను, నువ్వు అడగనిది.

ఆమోసు 8:5 తియ్యి. సబ్బాతు ఎప్పుడైపోతుందా, గోధుమలు అమ్ముకుందామా అని ఎదురుచూసే వ్యాపారుల గురించి అది. వాళ్ళు సబ్బాతుని మీరలేదు, గమనించేవా? కొట్టు కట్టేసే ఉంచేరు. కట్టేసిన కొట్లో కూర్చుని కుంచం చిన్నది చేసి, తూకం రాయి పెద్దది చేసి, దొంగ తాసుతో పేదవాణ్ణి జోడు చెప్పులకి కొనెయ్యాలని లెక్కలేసుకుంటున్నారు. రోజు పక్కాగా పాటించేరు. దేవుడికి ఒళ్ళు మండింది ఆ పాటించడం చూసే.

మా నాన్నకీ కొట్టుండేది, నీ కొట్టులాంటిదే, సంత మొగలో. కిలో రాళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి, సవరలు కొండ దిగి చింతపండు బుట్టలు దింపేవారు, వాళ్ళకి ఆ రాళ్ళ లెక్క తెలీదు. కొనేటప్పుడు రాయి పెట్టే పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించేవాళ్ళం. అంటించే పని నాది. ఎనిమిదేళ్ళుంటాయి నాకు, గింజ తీసిన ముద్ద, కోడిగుడ్డంత, పళ్ళెం తిరగేసి బొటనవేలితో నొక్కి పెట్టాలి, ఊడి పడకుండా కాస్త తడి చెయ్యాలి, సాయంత్రానికి వేళ్ళు జిగురుజిగురుగా ఉండేవి. ఒక మనిషి బుట్ట ఇంటి దగ్గర తూకం వేసుకుని వచ్చినట్టున్నాడు, తక్కువొచ్చింది తక్కువొచ్చింది అని తన భాషలో అంటూ తాసు వైపు చూస్తూ నిలబడ్డాడు, పళ్ళెం తిరగెయ్యడం మాత్రం అతనికి తోచలేదు. నాన్న అతనికి ఒక బీడీ ఇచ్చి పంపించేసేడు. అదే నాన్న మా చర్చిలో కానుకల లెక్క రాసేవాడు బాబూ, అందులో నయాపైసా తేడా ఉండేది కాదు, ఆదివారం కొట్టు తలుపు తీసేవాడు కాదు, చుట్టాలొచ్చినా సరే. మేం అన్నదమ్ములం ఆ తాసు గురించి నాన్నతో ఒక్కసారీ మాట్లాడలేదు, ఆయన పోయేవరకూ. ద్వితీయోపదేశకాండం 25:13 లో సంచిలో రెండు రకాల రాళ్ళు ఉంచుకోకు అని ఉంటుంది, మొదటిసారి క్లాసులో అది చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు నా గొంతు సరిగ్గా లేవలేదు, జలుబు చేసిందన్నాను.

నువ్వలా చేస్తున్నావని కాదు. నాకు నువ్వెవరో తెలీదు, నీ కొట్టు తెలీదు. కానీ కొండవాళ్ళ దగ్గర చింతపండు కొంటాను అని నువ్వు ఒక ముక్క రాసి ముందుకెళ్ళిపోయేవు, నేను ముందుకెళ్ళలేకపోయేను.

మీ బావమరిది ఇంకా పంపకపోతే రేపో మాపో నెహెమ్యా 13 పంపుతాడు చూడు, సబ్బాతు రోజు తూరు వాళ్ళు చేపలమ్ముతుంటే నెహెమ్యా పొద్దుగూకేటప్పుడే ఊరి తలుపులు వేయించేసేడు, వర్తకులు గోడ బయట పడుకున్నారు ఒకటి రెండుసార్లు. సంత రోజు మూసెయ్యడానికి అంతకంటే మంచి వాక్యం లేదు. అతనికి రెండు మాటలు చెప్పు. నెహెమ్యా గవర్నరు, తలుపులు ఆయన చేతిలో ఉన్నాయి, సంత నీ చేతిలో లేదు, నువ్వు మూసినా సంత జరుగుతుంది, చింతపండు పక్క కొట్టువాడికి పోతుంది. రెండోది, 13 కంటే ముందు 5వ అధ్యాయం ఉంది, అక్కడ నెహెమ్యా తాకట్టు పెట్టించుకున్న పొలాలు, ద్రాక్షతోటలు, వడ్డీ, అన్నీ ఇవాళే వెనక్కివ్వండి అని పెద్దమనుషుల్ని నిలబెట్టి అడిగేడు. తలుపులు తర్వాత మూసేడు.

ఇంక నీ కొట్టు సంగతి. నువ్వు శనివారం తెరవడం పాపం అని నేను అనను, నేను ఆదివారం వాణ్ణి కాబట్టి నా మాట అటే మొగ్గుతుంది, అది లెక్కలోకి తీసుకో. కానీ నీ ఉత్తరంలో మీ బావమరిది ఉన్నాడు, టీ కొట్టు స్నేహితుడున్నాడు, యెషయా ఉన్నాడు, నేనున్నాను, మీ ఆవిడ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. శనివారం ఆవిడ కౌంటర్ దగ్గర కూర్చుంటోందా, ఆవిడకి ఇష్టమై కూర్చుంటోందా? పెళ్ళయ్యేక ఆవిడ తన ఆరాధనకి ఎన్నిసార్లు వెళ్ళింది? ముందు ఆవిణ్ణి అడుగు, మీ బావమరిది ఫోన్ పక్కన పెట్టి. శుక్రవారం దీపాలు పెట్టేవేళ నుంచి ఆవిడకి కొట్టుతో సంబంధం లేకుండా చెయ్యగలవా చూడు, వంట కూడా ముందే అయిపోయేలా. సంతకి కొండవాళ్ళు పొద్దున్నే దిగి చీకటి పడకుండా మళ్ళీ ఎక్కెయ్యాలి కాబట్టి నీ అసలు బేరం మధ్యాహ్నానికే అయిపోతుంది, ఆ తర్వాత తలుపేసేస్తే మహా అయితే సబ్బులు, బిస్కట్లు పోతాయి. ఆవిణ్ణి స్కూటర్ మీద వాళ్ళ ఆరాధన దగ్గర నువ్వే దింపు, వీలైతే కాసేపు కూర్చో, ఏమీ కాదు.

రెండోవాడు ఆ కుర్రాడు. నువ్వు చర్చిలో పాట పాడుతున్న సమయంలో అతను నీ కొట్లో పంచదార పొట్లాలు కడుతున్నాడు. శనివారం సంతలోనూ అతనే, ఆదివారమూ అతనే, మరి అతనికి ఏ రోజు? ఇక్కడ నీ స్నేహితుడికి పనికొచ్చే వైరుధ్యం ఇంకోటి ఉంది, పది ఆజ్ఞలు రెండుచోట్ల ఉంటాయి, సబ్బాతు ఎందుకు అంటే నిర్గమకాండం 20 లో దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించేడు గనక అని ఉంటుంది, ద్వితీయోపదేశకాండం 5 లో మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు గనక, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రాంతి తీసుకోవాలి గనక అని ఉంటుంది. ఆజ్ఞ ఒకటే, కారణాలు రెండు. రెండోది నీ కుర్రాడి గురించి. అతను మనవాడో కాదో నువ్వు రాయలేదు, ఎవరైనా సరే, వారంలో ఒక రోజు జీతం కొయ్యకుండా సెలవివ్వు, ఏ రోజు కావాలో అతన్నే అడుగు.

నీ స్నేహితుడికి నా నమస్కారాలు చెప్పు, యెహెజ్కేలు పాయింటు నేనే ఇచ్చేనని కూడా చెప్పు, ఈసారి టీ అతన్ని ఇప్పించమను.

అన్నట్టు నీ కొట్లో ఉన్నది ఎలక్ట్రానిక్ కాటానా, పాత తాసా? ఎలక్ట్రానిక్ అయితే అంకెలు ఎటు తిరిగి ఉంటాయి, నీ వైపా, బుట్ట దింపినవాడి వైపా? మళ్ళీ ఉత్తరం రాసినప్పుడు అది కూడా రాయి.